ఏఎల్‌ఎస్ ఉన్న మనిషి ఊరికే ఏడుస్తుంటే అది కుంగుబాటేనా?

మీ నాన్నగారికి ఏఎల్‌ఎస్ (కండరాలను నడిపే నరాల కణాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు) అని తేలినప్పటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదనీ, టీవీలో మామూలు ప్రకటన వచ్చినా వెక్కి వెక్కి ఏడుస్తున్నారనీ, "ఇంత జబ్బు వస్తే ఎవరికైనా దిగులు ఉండదా" అని బంధువులు అంటున్నారనీ రాశారు. మందులు వాడాలా అని అడిగారు. నేను డాక్టరును కాను. మా ఆయనకు ఇదే జబ్బు వచ్చింది, ఆయన పోయేదాకా పక్కనే ఉన్నదాన్ని.

ముందు ఆ "ఎవరికైనా ఉండదా" అనే మాటను చెవిన పెట్టకండి. సానుభూతిగానే అంటారు, కానీ నయం చేయదగ్గ బాధను కూడా ఆ మాట చాటునే వదిలేస్తారు. దుఃఖంలో ఉన్న మనిషి కూడా ఇష్టమైనవాళ్లు వస్తే కాసేపు తేరుకుంటాడు. కుంగుబాటులో అదీ ఉండదు. వారాల తరబడి దేని మీదా మనసు పోదు, "మీకు భారమైపోయాను" అన్నదొక్కటే తిరుగుతూ ఉంటుంది. అలా ఉంటే చికిత్స చేయించాల్సిందే.

ఇక ఏడుపు. భావాలను బయటపెట్టడాన్ని అదుపులో ఉంచే మెదడు దారులు ఈ జబ్బులో దెబ్బతినవచ్చు. అప్పుడు లోపల అంత బాధ లేకపోయినా ఏడుపో నవ్వో తన్నుకొస్తుంది. న్యూరాలజిస్టులు దీన్ని సూడోబల్బార్ అఫెక్ట్ అంటారు. మా ఆయన ఒక పరామర్శలో నవ్వు ఆపుకోలేక, ఆ సిగ్గుతో మనుషుల్లోకి రావడమే మానేశారు. ఇది జబ్బు చేసే పనేనని న్యూరాలజిస్టు ఆయనకే నేరుగా చెప్పాక సగం బరువు దిగింది. మీరూ నాన్నగారిని సూటిగా అడగండి: "ఏడుపు వచ్చినప్పుడు లోపల బాధగా ఉంటుందా?" "లేదు" అని జవాబిస్తే ఆ మాట డాక్టరుకు చెప్పండి. దీనికి డెక్స్‌ట్రోమెథార్ఫాన్, క్వినిడిన్ కలిపిన మందును అమెరికాలో 2010లో ఆమోదించారు. కుంగుబాటుకు వాడే కొన్ని మందులు కూడా దీనికి పనిచేస్తాయి.

మాట్లాడకపోవడానికి ఇంకో కారణం ఉండవచ్చు, దాన్ని చాలామంది పట్టించుకోరు. శ్వాస కండరాలు బలహీనపడితే రాత్రిపూట రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మగత, చిరాకు. చూసేవాళ్లకు అచ్చం కుంగుబాటులాగే ఉంటుంది. మా ఇంట్లో జరిగింది ఇదే. రాత్రుళ్లు మాస్కుతో గాలి లోపలికి పంపి ఊపిరికి సాయపడే బైపాప్ యంత్రం పెట్టడం మొదలయ్యాక ఆయన మళ్లీ నా చేత పేపరు చదివించుకున్నారు. కాబట్టి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లేలోపు శ్వాస పరీక్ష చేయించండి. కుంగుబాటును తేల్చడానికి నిద్ర, ఆకలి, నీరసం గురించి అడిగే మామూలు ప్రశ్నపత్రాన్నే నమ్ముకోవద్దు. అవన్నీ ఈ జబ్బులో ఎలాగూ మారతాయి.

ఇంకొక సంగతి. ఏఎల్‌ఎస్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఆలోచనలోనో ప్రవర్తనలోనో ఎంతో కొంత మార్పు వస్తుంది. అందులో ఉదాసీనత ఒకటి. దానితో మనిషి పెద్దగా బాధపడడు, బాధ ఇంట్లోవాళ్లదే.

కుంగుబాటేనని తేలితే మందులకు భయపడకండి. అయితే పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, అందుకే వాయిదా వేయవద్దు. లాలాజలం కారడం, నిద్ర పట్టకపోవడం కూడా ఉంటే అమిట్రిప్టిలిన్ లాంటి మందు ఆ మూడింటికీ పనికిరావచ్చు. దానితో మలబద్ధకం రావచ్చు, ముందే అడిగి తెలుసుకోండి.

దయచేసి ధైర్యం చెప్పడానికి భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ పేరు మాత్రం ఎత్తకండి. ఆయనకు 1963లో ఇదే జబ్బు తేలితే 2018 దాకా బతికారు, నిజమే. ఎక్కువమందికి లక్షణాలు మొదలైనప్పటి నుంచి ఉండేది రెండు నుంచి ఐదేళ్లే. రోగికి ఆ లెక్క తెలుసు. మా ఆయనకు ఆ పేరు వింటేనే ఒళ్లు మండేది.

ఆయనకు నిలబడటానికి ఆసరా అయింది నిర్ణయాలు. ఏ చొక్కా, ఎవరిని లోపలికి రానివ్వాలి, వెంటిలేటర్ కావాలా వద్దా అన్నీ ఆయన్నే అడిగేదాన్ని. గొంతు పోయాక కంటిచూపుతో అక్షరాలు ఎంచుకునే యంత్రం వాడారు. ఒక వాక్యానికి చాలాసేపు పట్టేది, మధ్యలో మనం పూర్తి చేయకూడదు. తెలివి ఉన్నా ఒళ్లు కదలలేని స్థితిలో ఉన్న లాక్డ్ ఇన్ రోగులను 2011లో అడిగితే, 65 మందిలో 47 మంది సంతోషంగానే ఉన్నామన్నారు. వాళ్లది వేరే జబ్బు, పైగా జవాబు ఇవ్వగలిగినవాళ్ల లెక్క అది. అయినా శరీరం చూసి మనసును అంచనా కట్టలేమని నేను నమ్మడానికి నాకది చాలింది.

"చచ్చిపోతే బాగుండు" అని నాన్నగారు అంటే మాట మార్చకండి. ఏమైనా చేసుకోవాలని ఆలోచిస్తున్నారా అని తిన్నగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరుకు చెప్పండి.

మీ అమ్మగారు రాత్రుళ్లు నిద్రపోతున్నారో లేదో మీరు రాయలేదు. ఆమెను కూడా ఆ డాక్టరుకు చూపించండి.