గోథమా, మెట్రోపొలిసా, క్వీన్సా: అనంతపురం తమ్ముడికి బాడుగ లెక్కలు

సందేహం: అన్నా, మాది అనంతపురం, రామ్‌నగర్. మూడు ఐ-20లు (అమెరికా కాలేజీలు వీసా కోసం ఇచ్చే కాగితాలు) వచ్చినాయి. ఒకటి జెర్సీ సిటీ, ఒకటి క్వీన్స్, ఒకటి డెలవేర్. బ్యాట్‌మన్ ఊరు, స్పైడర్‌మన్ ఊరు, సూపర్‌మన్ ఊరు అని ఫ్రెండ్సంతా ఎగతాళి చేస్తాండారు. యా ఊర్లో తక్కువలో బతకొచ్చు?

జవాబు: ఎగతాళి సంగతి అట్లుంచు, మ్యాపు మాత్రం వాళ్ళు సరిగ్గానే చెప్పినారు. డీసీ కామిక్స్ ప్రపంచానికి 1990లో వచ్చిన అట్లాస్‌లో బ్యాట్‌మన్ ఊరు గోథమ్ న్యూజెర్సీలో ఉంది, సూపర్‌మన్ ఊరు మెట్రోపొలిస్ డెలవేర్‌లో ఉంది. మార్వెల్ వాళ్ళు ఊరు కల్పించే శ్రమ పడలేదు, ఉన్న న్యూయార్కునే వాడుకున్నారు. స్పైడర్‌మన్ అసలు పేరు పీటర్ పార్కర్, ఆయనది న్యూయార్కు నగరం క్వీన్స్‌లోని ఫారెస్ట్ హిల్స్. జెర్సీ సిటీకైతే 2014 నుంచి సొంత మార్వెల్ హీరోయినే ఉంది, కమలా ఖాన్. ఊర్లు కల్పితమైనా కింద నేల మీది బాడుగ చట్టాలు, పన్నులు మాత్రం అసలువే.

బాడుగ అంకె ఒక్కటే చూస్తే డెలవేర్ గెలుస్తుంది. కానీ ఆ అంకెతో ఊరు ఎంచుకోవద్దు. తాళం చేతికిచ్చే రోజు ఎంత కట్టాలి, ఆదాయం చూపలేకపోతే ఏంది దారి, రేపు జీతమొస్తే అందులో ఊరు ఎంత కోసుకుంటుంది, ఇవన్నీ కలిపితేనే అసలు ధర తేలేది.

క్వీన్స్ చూద్దాం. న్యూయార్కులో చాలామంది ఓనర్లు నలభై రెట్ల లెక్క వేస్తారు. ఇల్లు నెలకు 2,000 డాలర్లయితే ఏడాది ఆదాయం 80,000 చూపాలి. లేదంటే హామీదారు కావాలి, ఆయనకు మామూలుగా 80 రెట్లు, అంటే 1,60,000 ఆదాయం ఉండాలి. మీ నాయన ఐటీ రిటర్నులు, పొలం పాసుబుక్కు వీసాకు పనికొచ్చి ఉండొచ్చు గానీ ఈ ఓనర్లు వాటిని లెక్కచేయరు. "ఏడాది బాడుగ ముందే కడతాం" అన్నా చాలామంది ఒప్పుకోరు, ఎందుకంటే 2019 చట్టం ప్రకారం డిపాజిట్ గానీ అడ్వాన్సు గానీ ఒక నెల బాడుగకు మించి అడగకూడదు. ఇల్లు చూపే ఏజెంటును ఓనరు పెట్టుకుంటే ఆ ఫీజు ఓనరే కట్టాలని 2025 జూన్ నుంచి నగరం రూలు. ఎవరైనా నిన్నే కట్టమంటే ఈ రూలు గుర్తుచెయ్. మొత్తానికి కొత్తగా దిగినవాడికి తేలిక దారి, లీజు ముందే ఉన్నవాళ్ళ ఇంట్లో ఓనరుకు చెప్పి గది తీసుకోవడం. స్పైడర్‌మన్ కూడా పెద్దమ్మ ఇంట్లోనే ఉన్నాడు.

చవగ్గా కనబడే గదుల్లో బేస్‌మెంట్లు ఎక్కువ. 2021 సెప్టెంబరులో ఐడా తుఫాను వానకు ఆ నగరంలో పోయినవాళ్ళలో ఎక్కువమంది బేస్‌మెంట్ గదుల్లో ఉన్నవాళ్ళే. మనిషి బయటికి దూరేంత కిటికీ, రెండో దారి లేకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఇక గోథమ్ వైపు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు మాట విని పెరిగినవాళ్ళం కాబట్టి ఇది హాయిగా ఉంటుంది: న్యూజెర్సీలో డిపాజిట్ నెలన్నర బాడుగ దాటకూడదు. 2,000 ఇంటికి 3,000 డిపాజిట్, మొదటి నెల 2,000, మొత్తం 5,000 చేతిలో పెట్టుకుని పో. ఖాళీ చేసిన 30 రోజుల్లో వడ్డీతో తిరిగివ్వాలి. న్యాయం లేకుండా పట్టుకుంటే, పట్టుకున్నదానికి రెట్టింపు కోర్టు ఇప్పిస్తుంది. ఇక్కడొక మెలిక ఉంది. జెర్సీ సిటీలో ఓనరు కింద ఉండి పైన ఒకటి రెండు పోర్షన్లు బాడుగకిచ్చే ఇళ్ళు చాలా. ఓనరు అదే ఇంట్లో ఉండి, బాడుగ పోర్షన్లు రెండుకు మించకపోతే ఈ డిపాజిట్ చట్టం దానంతటది వర్తించదు. చట్టం ప్రకారం నడుచుకోమని నువ్వు రాతపూర్వకంగా 30 రోజుల నోటీసిస్తే అప్పుడు వర్తిస్తుంది. దిగిన వారంలోనే ఆ కాగితం ఇచ్చి, ఫోటో తీసి దాచుకో.

లీజులో ఇంకొక్క లైను వెతుకు, హీటింగ్ ఎవరి ఖర్చని. నీ పేర కరెంటు హీటరుంటే జనవరి బిల్లు చూసి నోట మాట రాదు. మనకు ఎండాకాలం కూలర్ బిల్లే తెలుసు, చలి బిల్లు తెలీదు. "హీట్, హాట్ వాటర్ ఇంక్లూడెడ్" అని రాసి ఉన్న ఇల్లు నెలకు యాభై ఎక్కువైనా చలికాలంలో ఆ డబ్బు వెనక్కి వచ్చినట్టే.

చదువయ్యాక మన్‌హట్టన్‌లో ఉద్యోగమొస్తే లెక్క ఇంకా మారుతుంది. క్వీన్స్‌లో ఉంటే రాష్ట్ర పన్నుపైన నగర పన్ను కూడా ఉంది, 3.078 నుంచి 3.876 శాతం దాకా. 80,000 జీతానికి ఏడాదికి రెండున్నర వేల పైచిలుకు. జెర్సీ సిటీలో ఉండి రోజూ రైల్లో పోతే ఈ నగర పన్ను లేదు. రిటర్నులు మాత్రం రెండు రాష్ట్రాలకూ వేయాలి. న్యూయార్కుకు కట్టినదానికి న్యూజెర్సీ క్రెడిట్ ఇస్తుంది, అంటే తన పన్నులో తగ్గిస్తుంది.

డెలవేర్‌లో సేల్స్ ట్యాక్స్ లేదు, ఏడాది లీజుకు డిపాజిట్ ఒక నెలే. కానీ కారు లేకుండా కిరాణా కూడా కష్టమే. కొత్త లైసెన్సు మీద ఇన్సూరెన్సు ప్రీమియం చూసినాక, బాడుగలో మిగిలిందంతా అటే పోయిందని అర్థమవుతుంది. టికెట్ కొనేటప్పుడు జాగ్రత్త, నూవార్క్ అని రాసేవి రెండూర్లున్నాయి, రాష్ట్రం పేరు చూసుకో.

యాడ ఉన్నా రెంటర్స్ ఇన్సూరెన్స్ (బాడుగింట్లో నీ సామానుకు బీమా) తీసుకో, నెలకు పది ఇరవై డాలర్ల మాట. గోథమ్‌లో ఉన్నట్టే ఊహించుకుని పాలసీ చదువు, సరదాగా ఉంటుంది. మామూలు పాలసీలో అగ్ని, పేలుడు, అల్లర్లు, దొంగతనం ఉంటాయి. విమానం అన్నచోట "అంతరిక్ష నౌకలతో సహా" అని కూడా చాలా పాలసీల్లో నిజంగానే రాసి ఉంటుంది. పైనుంచి ఏదైనా పడి నీ లాప్‌టాప్ పగిలితే డబ్బిస్తారు, కానీ అది ముందు కప్పునో బయటి గోడనో పగలగొట్టి ఉండాలి. యుద్ధానికి మాత్రం ఇవ్వరు, కాబట్టి గ్రహాంతరవాసుల దాడిని కంపెనీ ఏ ఖాతాలో రాస్తుందో చెప్పలేం. నీకు అసలు తగిలేది వేరు: వరదకు కవర్ లేదు, రూమ్మేటు సామానుకు కవర్ లేదు, 500 డిడక్టిబుల్ (నష్టంలో ముందు నువ్వే భరించే మొత్తం) పెట్టుకుంటే 400 ఫోను పోయినా పైసా రాదు. పాత వస్తువుకు అరిగిన ధరిస్తారా, కొత్తది కొనే ధరిస్తారా అడిగి, రెండోదే తీసుకో.

నలుగురు కలిసి లీజు మీద సంతకం పెడితే, నలుగురూ ఒక్కొక్కరుగా మొత్తం బాడుగకు బాధ్యులు. ఒకడు డల్లాస్‌లో ఉద్యోగమొచ్చి పోతే ఓనరు మిగిలిన ముగ్గురినే పట్టుకుంటాడు. పోయేవాడు మనిషిని వెతికి పెట్టాకే పోవాలని నలుగురూ ముందే రాసుకోండి. అనంతపురంలోనే కూర్చుని ఆన్‌లైన్‌లో చూసిన ఇంటికి జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి వెంటనే డబ్బు పంపే అమెరికా సేవ) డబ్బు పంపొద్దు, పోయిందంటే తిరిగి రావడం కష్టం. సీనియర్ ఎవరైనా ఆ ఇంట్లో నిలబడి వీడియో కాల్ చేసినాకే పంపు.

సంపాదన సంగతి. పీటర్ పార్కర్ ఫోటోలు అమ్ముకుని బతికినాడు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద నువ్వు అట్లా ఫ్రీలాన్స్ చేసినా, యాప్ పెట్టుకుని డెలివరీ చేసినా వీసాకే ఎసరు. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే. పే స్లిప్పులో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పెన్షన్, వైద్యం పన్నులు) కోతలు చూడు. ఎఫ్-1 విద్యార్థికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ 7.65 శాతం కోయకూడదు. డిసెంబరు 30న దిగినా ఆ సంవత్సరం ఒకటిగా లెక్క. కోసి ఉంటే ముందు పేరోల్ వాళ్ళను అడుగు, ఇవ్వకపోతే పన్ను శాఖను వాపసు అడిగే ఫారం 843 వెయ్. రిటర్ను 1040-ఎన్‌ఆర్ (పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్లకు ఉండే ఫారం) మీదే వెయ్యాలి, రూమ్మేటు వాడే సాఫ్ట్‌వేర్‌లో మామూలు 1040 నొక్కేసి తర్వాత సవరించుకునేవాళ్ళు ఎక్కువ. భారతీయ విద్యార్థులకు భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద స్టాండర్డ్ డిడక్షన్ ఉంది, అది వదులుకోవద్దు. ఒక్క డాలరు రాకపోయినా ఫారం 8843 పంపాలి.

ఇంటికి డబ్బు పంపే రోజొస్తే బ్యాంకు ఖాతా నుంచే పంపు. 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డరు ఇచ్చి పంపితే 1 శాతం పన్నుంది, ఖాతా నుంచి పోయేదానికి లేదు. బయల్దేరే ముందే నీ ఎస్బీ ఖాతా ఉన్న బ్రాంచికి పోయి ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండే భారతీయుల ఖాతాగా) మార్చమని కాగితం ఇచ్చిరా. అమెరికా నుంచి చేయాలంటే పాస్‌పోర్టు, వీసా నకళ్ళ మీద అటెస్టేషన్లు తెమ్మని తిప్పుతారు. ఆ ఖాతాకున్న ఫోన్ నంబరు అక్కడ కూడా ఓటీపీ అందుకునేలా రీచార్జి నడుపుతుండమని ఇంట్లో చెప్పు.