ముప్పై ఏళ్ల వేప, మామిడి ఆకు రాలుస్తున్నాయి, కొట్టించేయాలా?

కొట్టించకండి. ఒంగోల్లో మీ ఇంటి ముందు వేప, వెనక మామిడి, రోజూ సాయంత్రం మాను మొదట్లో రెండు బకెట్లు పోస్తున్నా మే నెలలో ఆకు రాలి కొమ్మలు బోసిపోయాయి, చుట్టుపక్కలవాళ్లు కొట్టేయమంటున్నారు, ఇదీ మీ ప్రశ్న. మాది దర్శి. ఇదే ఎండ, దాదాపు ఇదే వయసు చెట్లు.

ముందు చెట్టు బతికుందో లేదో తేల్చుకోండి. వేలు లావు కొమ్మ మీద బెరడు గోటితో గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగులో పొడిగా ఉంటే జానెడు కిందికొచ్చి మళ్లీ గీకండి. చాలాసార్లు చివర్లు ఎండినా కింద పచ్చగానే ఉంటుంది. నీళ్లు చాలనప్పుడు చెట్టు ఆకు రాల్చి ఖర్చు తగ్గించుకుంటుంది, అంతమాత్రాన చచ్చిపోయినట్టు కాదు. వేప అయితే మాఘ ఫాల్గుణాల్లో ఎలాగూ ఆకు రాల్చి ఉగాదికి చిగురిస్తుంది. ఉగాది తర్వాత కూడా రాలుతుంటేనే కారణం వెతకాలి.

నాకు తెలిసి మీ కారణం ఆ రెండు బకెట్లే. పెద్ద చెట్టుకు నీళ్లు పీల్చే సన్నవేర్లు మానును ఆనుకుని పెద్దగా ఉండవు. మానుకు కొంత దూరం నుంచి కొమ్మల నీడ అంచు దాకా, అది దాటి ఇంకా బయటికి, ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. మొదట్లో పోసిన నీళ్లు పైమట్టిని తడిపి మర్నాటి ఎండకే ఆవిరైపోతాయి, పైగా మానుకు ఎప్పుడూ తడి తగిలితే బెరడు కుళ్లుతుంది. మా ఇంట్లో చేసేదిది: మానుకు అయిదడుగుల దూరంలో మొదలుపెట్టి పదడుగుల దూరం దాకా గుండ్రంగా పాదు, చుట్టూ జానెడు గట్టు. అందులోకి వెయ్యి లీటర్ల ట్యాంకు నీళ్లు పైపుతో సన్నగా రాత్రంతా వదులుతాం. లెక్క వేస్తే అది దాదాపు రెండంగుళాల వానతో సమానం. ఎర్రనేలకు పది పన్నెండు రోజులకోసారి, నల్లరేగడికి మూడు వారాలకోసారి చాలు.

నీళ్లు ఎంత లోతుకు దిగాయో మర్నాడు ఇనుప ఊచ గుచ్చి చూస్తాను. తడి ఉన్నంతవరకు చేత్తో నొక్కితే దిగిపోతుంది, పొడి మట్టి తగలగానే ఠక్కున ఆగుతుంది. అడుగున్నర దిగితే సరిపోయినట్టు. నాలుగంగుళాల దగ్గరే ఆగితే నీళ్లు ఇంకా నెమ్మదిగా, ఇంకాసేపు వదలాలి.

మీ వాకిలంతా టైల్సో, సిమెంటో పరిచి ఉంటే అసలు సమస్య అక్కడే. మా మామిడికి మాను దాకా గచ్చు ఉండేది. పగలగొట్టి చూస్తే కింద మట్టి గునపం దిగనంత బిగుసుకుపోయి ఉంది, అక్టోబరు, నవంబరు వానలు కూడా దానికి అందలేదు. మన జిల్లాకు గట్టి వాన పడేదే ఆ నెలల్లో, అది కాస్తా కాలవలోకి పోతే ఎండాకాలానికి చెట్టు దగ్గర నిల్వ ఏముంటుంది? మొత్తం తీయలేకపోతే నీడ అంచున ఒక వరస టైల్స్ అయినా లేపించండి. ఇంట్లోవాళ్లకు నచ్చదు, ఆ గొడవ మీరే పడాలి.

పాదులో మూడు నాలుగంగుళాల మందాన ఎండాకు, వేరుశనగ తొక్కు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది పరవండి. మానుకు మాత్రం తగలనీయకండి. మా ఇంట్లో కార్తీకంలో ఆ పొర ఎత్తి చూస్తే అడుగున తెల్లటి దారపుపోగుల్లాంటి కొత్త వేర్లు మట్టిలోంచి పైకొచ్చి ఎండాకులోకి పాకి ఉన్నాయి. అప్పటినుంచి మా ఇంట్లో ఆకులు ఊడ్చి తగలబెట్టడం మానేశారు.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మామిడి ఆకు అంచులు కాలినట్టు మాడతాయి, పాదులో తెల్లటి పొర కడుతుంది. వేప, కొబ్బరి కొంత ఓర్చుకుంటాయి, మామిడి ఓర్చుకోదు. ఫిల్టరు మిషన్‌లోంచి బయటికి పోయే నీళ్లు, బట్టలుతికిన నీళ్లు దానికి పోయకండి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగినవి నిశ్చింతగా పోయొచ్చు.

చెట్లు కొట్టేవాళ్లు ఈ నెలల్లోనే గేటు తట్టి "తల నరికితే బాగా చిగురిస్తుంది సార్" అంటారు. నమ్మకండి. రోహిణి కార్తె ఎండలో నీడపోయిన బెరడు మాడి చీలుతుంది, ఆ చీలికల్లో పురుగు, తెగులు చేరతాయి. నరికిన చోట గుత్తులుగా వచ్చే చిగుళ్లకు పట్టు ఉండదు, తుఫాను గాలికి ముందు విరిగేవి అవే. ఎండిన కొమ్మలు, కరెంటు తీగలకు తగిలేవి మాత్రం తీయించండి. అవి కూడా మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగం వదిలి బయటికి కోయాలి, మానుతో సమానంగా చెక్కకూడదు.

వానాకాలం చివర వేప కొనలు ఎర్రబారి కిందికి ఎండుతూ వస్తే అది నీళ్ల సమస్య కాదు, కొనఎండు తెగులు. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కాల్చినట్టు కనబడి జనం హడలిపోయారు గుర్తుందా, అదే. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. చిన్న చెట్లకైతే మందు కొట్టొచ్చు కానీ నలభై అడుగుల చెట్టుకు ఇంటి మధ్య మందు కొట్టడం నాకు మంచిపనిగా అనిపించదు. ఎండిన పుల్లలు కోసి కాల్చేయడం, చెట్టుకు నీటి కొరత లేకుండా చూడటం చాలు.

మామిడికి ఒక్క తేడా ఉంది. దీపావళి వానలు వెనకబట్టాక నీళ్లు పూర్తిగా ఆపండి, లేకపోతే పూతకు బదులు కొత్త ఆకు తొడుగుతుంది. పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ ట్యాంకు తెరవండి.