ఏ గోడ మీద ఏ బొమ్మ?

ప్రశ్న: లేపాక్షి పైకప్పు చిత్రాలు చూశాక బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్య సంప్రదాయపు) చర్చిల కుడ్యచిత్రాల మీద మనసు పోయింది. పుస్తకాల్లో విడివిడి ఫొటోలే దొరుకుతున్నాయి. ఇక్కడి నుంచే పద్ధతిగా చదవడం ఎలా?
— ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని, అనంతపురం

జవాబు: ముందు చర్చి ప్లాను గీయండి. గ్రాఫు కాగితం మీద మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున, తూర్పు పైకి వచ్చేలా. ప్రతి గోడనూ వరుసలుగా విడదీసి నంబర్లు వేసి, ఒక్కో ఫొటోనూ దాని చోట గుర్తించండి. చోటు తేలని బొమ్మకు అర్థం చెప్పబోకండి.

గుమ్మటం ఉన్న చర్చిల్లో సాధారణంగా గుమ్మటం లోపల పాంటోక్రేటర్ (సర్వాధికారి) రూపంలో క్రీస్తు, దాన్ని మోసే నాలుగు మూలల్లో నలుగురు సువార్తికులు, మనిషి ఎత్తున నిలబడ్డ పునీతులు ఉంటారు. అన్నిచోట్లా ఇలాగే ఉండాలని లేదు.

అసలు అందం ఎదురెదురు గోడల్లో ఉంది. తూర్పున బలిపీఠం వెనక, పైన, తరచుగా మరియ ఒడిలో పసివాడైన క్రీస్తు. చాలా చర్చిల్లో పడమటి తలుపు మీద మరియ మరణశయ్య; అక్కడ ఆమె ఆత్మను పసిగుడ్డులా చుట్టి క్రీస్తే ఎత్తుకుని ఉంటాడు. ఆరాధనకు వచ్చినవాళ్లు ఈ రెండింటి మధ్యే నిలబడతారు. వేర్వేరు పేజీల్లో అచ్చయితే ఈ సంబంధం తెగిపోతుంది. మంగళవార్త దృశ్యమూ (క్రీస్తు పుడతాడని మరియకు దేవదూత చెప్పడం) అంతే: దేవదూత గాబ్రియేలు ఒకవైపు, మరియ ఎదుటివైపు, నడుమ బలిపీఠానికి దారి. ఆ ఖాళీ కూడా చిత్రంలో భాగమే.

సైప్రస్‌లోని అసినూ చర్చితో మొదలుపెట్టండి. 1105–06 నాటి చిత్రాలూ, 14వ శతాబ్దంలో మళ్లీ వేసినవీ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. అందుకే మొత్తానికి ఒకే తేదీ రాస్తే తప్పవుతుంది. బొమ్మ బొమ్మకూ విడిగా రాయండి.

సాధన లేపాక్షిలోనే చేయొచ్చు. పైకప్పు పట్టీల్లో బొమ్మల పాదాలు ఎటున్నాయో ప్లానులో బాణం వేయండి. చూసేవాళ్లు ఎక్కడ నిలబడాలో తేలుతుంది. ఫ్లాష్ వద్దు. కెమెరా స్టాండుకు పురావస్తు శాఖ అనుమతి తీసుకోండి.

ప్రశ్న: బైజాంటైన్ చర్చిల ఫొటోల్లో బొమ్మల వెనక నల్లగా ఉంటుంది. అలాగే వేశారా?
— పాఠకుడు, కడప

జవాబు: చాలాచోట్ల అది రాలిపోయిన నీలం. నలుపో బూడిద రంగో పూసి, దానిమీద అజురైట్ అనే ఖనిజం పొడితో చేసిన నీలం వేసేవారు. పచ్చి సున్నపు గచ్చు మీది రంగును గచ్చే ఆరుతూ పట్టుకుంటుంది. ఆరాక బంకతో వేసిన నీలానికి ఆ పట్టు ఉండదు; తేమ తగిలితే పొడిగా రాలుతుంది. కొవ్వొత్తుల మసి అయితే ముఖాల మీదా పరుచుకుంటుంది. రాలిన నీలం కింది నలుపు మాత్రం బొమ్మ అంచు దగ్గర ఆగిపోతుంది.