ముందు ఎన్ని ఎపిసోడ్లో చెప్పు

చి॥ అమ్మాయికి,

ఆశీస్సులు. నీ సీరియల్ స్క్రిప్టు అందింది. మొదటి ఎపిసోడే 42 పేజీలు! అట్ట మీద "కథ ఎటు తీసుకెళ్తే అటు, వెయ్యి ఎపిసోడ్లు దాటినా పర్లేదు" అని రాశావు చూడు, నాకు చిర్రెత్తుకొచ్చింది అక్కడే. కథ మనల్ని ఎటో తీసుకెళ్లదమ్మా. ఛానల్ ఇచ్చే టైమ్ స్లాటు తీసుకెళ్తుంది.

స్క్రిప్టు పేజీకి తెర మీద నిమిషం అన్నది మోటు లెక్కే అయినా పనికొస్తుంది. ఇప్పుడు అరగంట స్లాటు సంగతి చూడు. గంటకి 12 నిమిషాలకు మించి ప్రకటనలు వెయ్యకూడదని మన దగ్గర నిబంధన. అంటే అరగంటలో 6 నిమిషాలు అటే పోయాయి. టైటిలూ, నిన్న జరిగిందీ, రేపు జరగబోయేదీ కలిపి ఇంకో రెండు మూడు నిమిషాలు. నీ చేతికి మిగిలేది 21, మహా అయితే 22. మూడేసి నిమిషాల సీన్లు ఏడు రాస్తే సరి. నీ 42 పేజీలూ సరిగ్గా రెండు ఎపిసోడ్లకు వస్తాయి, మధ్యలో ఎక్కడ కొయ్యాలో నీకు తెలిస్తే. బ్రేకు ముందు సీను ప్రశ్న దగ్గర ఆగాలి. నువ్వు తలుపు చప్పుడు రాసి, తలుపు తీయించి, వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించాక బ్రేకు ఇచ్చావు. ఇక చూసేవాళ్లు ఛానల్ మార్చక ఏం చేస్తారు?

కొరియా సీరియళ్లలాగా నిదానంగా నడపాలని ఉందన్నావు. ఆ నిదానం ఊరికే రాలేదు. అక్కడ మామూలుగా కథకి 16 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి గంట పైచిలుకు, వారానికి రెండు. ఎనిమిది వారాల్లో అయిపోతుంది. పైగా అక్కడి పెద్ద ఛానళ్లలో 2021 దాకా కార్యక్రమం మధ్యలో ప్రకటనలు వెయ్యడానికి వీల్లేదు. చివరి కొన్నేళ్లలో ఎపిసోడ్నే రెండు ముక్కలు చేసి, ఆ సందులో ప్రకటన పెట్టుకున్నారు. అంత తీరిక ఉన్నచోట ఒక చూపుకి రెండు నిమిషాలు ఇవ్వొచ్చు. మూడు బ్రేకులు పడే 21 నిమిషాల్లో మీ అంతర్వేది బీచ్ మీద హీరోని పేజీన్నర సేపు వానలో నిలబెడితే జలుబు తప్ప ఏమీ రాదు.

జపాన్‌లో ఎన్‌హెచ్‌కే ఛానల్ పొద్దున్న వేసే సీరియల్ 15 నిమిషాలే. 1983-84లో వచ్చిన 'ఓషిన్' అలాంటి 297 ముక్కల్లో ఒక మనిషి జీవితమంతా చెప్పింది. బస్తా బియ్యం కోసం ఏడేళ్ల పిల్లని పనికి పంపడం దగ్గర మొదలుపెట్టి ముసలితనం దాకా. 15 నిమిషాల్లో ఒక్క సంగతే పడుతుంది. ఏళ్లు దాటించాల్సి వచ్చినప్పుడు కథ చెప్పే గొంతు రెండు వాక్యాల్లో దాటించేస్తుంది. నువ్వు మూడు ఫ్లాష్‌బ్యాకులు వాడావు.

ఇక నిజంగానే ముగింపు లేనిది కావాలంటే ప్రేమకథ చాలదు. బ్రిటన్‌లో 'కొరొనేషన్ స్ట్రీట్' 1960 డిసెంబర్ 9న మొదలై ఇప్పటికీ వస్తోందంటే, అందులో హీరో మనిషి కాదు, వీధి. ఒకరు పోతే పక్కింట్లో ఇంకొకరు దిగుతారు. అందరూ చేరడానికి ఒక పబ్ ఉంది. నీకు సఖినేటిపల్లి రేవు ఉంది కదా! బళ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించి నరసాపురం చేర్చే పంటు ఎక్కాక అవతలి ఒడ్డు వచ్చేదాకా ఎవరూ దిగిపోలేరు. మాటల్లేని వియ్యంకులనీ, అప్పు ఇచ్చినవాణ్ణీ తీసుకున్నవాణ్ణీ పక్కపక్కన నిలబెట్టు. బళ్లు ఎక్కించేటప్పుడు మొదలయ్యే తగువు, పంటు ఒడ్డుకి తగలగానే తెగిపోతుంది. సీను కొలత నదే ఇస్తుంది. నువ్వేమో ఆ పంటుని డ్రోన్ షాట్‌కి వాడి వదిలేశావు.

మీ గోదావరి యాస గురించి ఒక్క మాట. 'ఆయ్' అనేది పెద్దవాళ్ల మాటకి ఇచ్చే జవాబు. నీ కథలో తాతగారు కూడా మనవడితో 'ఆయ్' అంటున్నాడు. ఈ జబ్బు సినిమాలు అంటించాయి.

మొహాన్ని మూడుసార్లు చూపించాలని నువ్వే రాసేశావేం? అది కళ కాదమ్మా, కరువు. రాబోయే పేజీలు సెట్‌కి చేరనప్పుడు నిమిషాలు నింపడానికి చేసే పని. రేటింగు వస్తే సాగదీయమంటారు, రాకపోతే ఓ పాము పెట్టమంటారు. వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు, నువ్వు ముందే చేసిపెట్టకు.

తొమ్మిదో పేజీ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. దింపు తీసిన కొబ్బరికాయల రాశి ముందు కూర్చుని తల్లి నాలుగేసి కాయలు విసురుతూ "పదహారు, ఇరవై, ఇరవై నాలుగు" అని లెక్కపెడుతుంటుంది. "షావుకారు ఇంకా డబ్బివ్వలేదమ్మా" అంటాడు కొడుకు. ఆవిడ చేతిలో కాయలు విసిరి మళ్లీ "ఇరవై" అంటుంది. అంతే. ఆ తర్వాత "నువ్వు అబద్ధం చెబుతున్నావని నా మనసుకి తెలుస్తోందిరా" అన్న డైలాగు ఎందుకు? కొట్టెయ్. ఆవిడకి తెలిసిందని ఆ "ఇరవై" చెప్పేసింది.

ఇంకో లోపం. కొడుకు షావుకారు దగ్గర డబ్బు తీసుకున్నాడని మనకి 31వ పేజీలో గానీ తెలీదు. అమెరికా 'కొలంబో'లో హత్య, హంతకుడు మొదటే కనిపిస్తారు. మిగతా సమయమంతా పోలీసాయన ఎలా పట్టుకుంటాడో చూడడమే. ఇక్కడా అంతే. అంబాజీపేటలో షావుకారు కొట్లో కొడుకు నోట్లు లెక్కపెట్టి లోపలి జేబులో పెట్టుకోవడం రెండో పేజీకి తెచ్చెయ్. 40 సెకన్లు, మాట లేకుండా. అప్పుడు ఆవిడ లెక్క తప్పేటప్పుడు చూసేవాళ్ల గొంతు పట్టేస్తుంది.

హైదరాబాద్ వచ్చెయ్యమంటారా అని అడిగావు. తర్వాత చూద్దాం. 16 ఎపిసోడ్లా, అంతులేని రేవు కథా, ముందు అది తేల్చి రాయి. ఈసారి పేజీలకి అంకెలు సరిగ్గా వెయ్యి. 30 తర్వాత 28 వచ్చింది, ఇంకో ఫ్లాష్‌బ్యాక్ అనుకున్నాను.

ఉంటాను.