మాంసం మానేస్తే రక్తం పట్టదా? పుట్టింట్లో పప్పు, అత్తింట్లో ముక్క రెండూ చూసినదాన్ని చెబుతున్నా

మీకు పాతికేళ్ళు, 55 కిలోల బరువు, చిన్నప్పటి నుంచి ఇంట్లో నీసు అలవాటు. ఇప్పుడు మానేద్దామనుకుంటున్నారు. "ముక్క తినకపోతే ఒంటికి రక్తం పట్టదు" అని అమ్మగారు ఒప్పుకోవడం లేదు. మాంసం తినేవాళ్ళంత ఆరోగ్యంగా శాకాహారులు ఉండగలరా అని అడిగారు.

ఉండగలరండి. అయితే కంచంలోంచి ముక్క తీసేసి, ఆ ఖాళీలో ఇంకో గరిటె అన్నం పెట్టుకుంటే మాత్రం ఉండలేరు. మన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేది ఇదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను పుట్టింది తెనాలి దగ్గర, తరతరాలుగా గుడ్డు కూడా ముట్టని ఇంట్లో. పెళ్ళై హైదరాబాదు వచ్చాక చూస్తే మా అత్తగారింట్లో చికెన్ లేని ఆదివారం లేదు. నేను ఇప్పటికీ తినను, కానీ ఇంట్లోవాళ్ళకి వండిపెడతాను. రెండు వంటిళ్ళూ దగ్గర నుంచి చూశాను కాబట్టి ఒక మాట ధైర్యంగా చెప్పగలను. తెలుగువాళ్ళలో శాకాహారికీ మాంసాహారికీ తిండిలో తేడా మనం అనుకున్నంత లేదు. 2014 నాటి ప్రభుత్వ సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ నూటికి 98 మంది మాంసాహారులమనే చెప్పారు. కానీ వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో వారంలో ఐదారు రోజులు ఉండేది అన్నం, చారు, పచ్చడి, ఓ వేపుడు, మజ్జిగే.

లెక్క వేసి చూడండి. మా అత్తగారింట్లో ఆదివారం కిలో చికెన్ ఐదుగురికి. ఎముకలు పోగా తలా 130 గ్రాముల మాంసం వస్తుంది, అందులో ప్రొటీన్ పాతిక గ్రాములకి కాస్త ఎక్కువ. అదే వారం మొత్తానికి పంచితే రోజుకి నాలుగు గ్రాములు. ఇక మా అమ్మ వంటింట్లో చిన్న టీ గ్లాసుడు కందిపప్పు, అంటే సుమారు 100 గ్రాములు, ఐదుగురికి పప్పు చేసేది. కందిపప్పులో నూటికి 22 గ్రాముల వరకు ప్రొటీన్ ఉంటుంది. అంటే తలా నాలుగు గ్రాముల పైచిలుకు. పప్పుచారు రోజైతే గుప్పెడు పప్పే, అది రెండు గ్రాములు కూడా కాదు. రెండిళ్ళూ దాదాపు ఒక్కచోటే ఉన్నాయన్నమాట. "మాకు పప్పు ఉంది" అని ఒకరు, "మాకు ముక్క ఉంది" అని ఇంకొకరు ధైర్యంగా ఉంటారు. రెండు కంచాల్లోనూ నిజంగా కడుపు నింపుతున్నది పాలిష్ పట్టిన తెల్లన్నం.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీ బరువుకి సుమారు 46 గ్రాములు. ఇది మాంసం లేకుండా అందుతుందా? అన్నం, జొన్నరొట్టె లాంటివన్నీ కలిపి పొడిగింజల లెక్కన 250 గ్రాములు తింటే ఓ 20 గ్రాములు వస్తుంది. ఒక్కరికే 60 గ్రాముల పప్పుధాన్యాలు పడితే 13. పాలు, పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు తీసుకుంటే 9 దాకా. గుప్పెడు పల్లీలో నువ్వులో తింటే ఇంకో 6, 7. లెక్క సరిపోయింది. ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సింది ఆ 60 గ్రాముల పప్పు. అది గరిటెడు పప్పుచారుతో రాదు. ఉదయం ఉప్మాకి బదులు రెండు పెసరట్లు, మధ్యాహ్నం చెంచా నిలబడేంత గట్టి పప్పు, సాయంత్రం ఉడికించిన సెనగలో అలసందలో ఉంటే వస్తుంది. వారంలో ఒకటి రెండుసార్లు మీల్‌మేకర్ వండుకోండి, ఎండు మీల్‌మేకర్‌లో సగం బరువు ప్రొటీనే.

పప్పులో ఉన్నది "అసంపూర్ణ ప్రొటీన్" అని జిమ్‌కెళ్ళేవాళ్ళు అంటూ ఉంటారు. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే చిన్న దినుసుల కూర్పు. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, పప్పుల్లో దండిగా ఉంటుంది. మెథియొనిన్ అనే ఇంకో దినుసు పప్పుల్లో తక్కువ, అది బియ్యంలో ఉంటుంది. రెండూ ఒకే ముద్దలో పడకపోయినా, ఒకే రోజులో తింటే చాలు. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పట్టించుకోవాల్సిన సంగతి బి12, నరాలకీ రక్తానికీ కావాల్సిన విటమిన్. దీని దగ్గర నేను ఎవరితోనూ రాజీపడను, ఎందుకంటే మా నాన్నగారు దీనివల్లే బాధపడ్డారు.

ఆయనకి షుగర్ ఉంది, చాలా ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. పొద్దున్నే గ్యాస్ మాత్ర అలవాటు. పాలు అరగట్లేదని కాఫీలో కలిపే కాసిని తప్ప తాగరు. మొదట అరికాళ్ళు తిమ్మిర్లు అన్నారు. తర్వాత నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, రెండడుగులు వేశాక ఎవరైనా చెబితే వెనక్కి తిరిగి చూసుకునేవారు. పొద్దున్నే మొహం కడుక్కుంటూ సబ్బు కోసం కళ్ళు మూసుకుంటే తూలిపోయి గోడ పట్టుకునేవారు. ఊళ్ళో చూపించిన డాక్టరు షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయని నొప్పి మాత్రలు రాసి పంపారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగానే ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఇంకో డాక్టరు బి12 పరీక్ష రాస్తే, ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదని తేలింది.

ఇంజెక్షన్లు మొదలుపెట్టాక తూలడం తగ్గింది, మనిషిలో హుషారు వచ్చింది. అరికాళ్ళ మొద్దుబారడం మాత్రం పూర్తిగా పోలేదు. ఇంకో ఏడాది ముందు పట్టుకుని ఉంటే అదీ పోయేదేమో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

బి12ని తయారుచేసేది బ్యాక్టీరియా. మొక్కల్లో అది ఉండదు, ఎంత మంచి ఆకుకూరైనా సరే. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి మాంసం మానేసిన కొన్నేళ్ళదాకా ఏమీ తెలియదు. "నేను మానేసి రెండేళ్ళైంది, రాయిలా ఉన్నాను" అనేవాళ్ళ మాట అందుకే నేను లెక్కలోకి తీసుకోను. పైగా ఆకుకూరలు బాగా తినేవాళ్ళకి ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ దండిగా అందుతుంది, దానివల్ల రక్తం రిపోర్టు బాగున్నట్టే కనిపిస్తూ లోపల నరాలు దెబ్బతింటూ ఉండొచ్చు. మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్రలు ఏళ్ళ తరబడి వాడితే ఉన్న కాస్త బి12 కూడా సరిగా వంటబట్టదు. మా నాన్నగారికి ఈ రెండు మాత్రలూ, పాలు తాగకపోవడం, మూడూ కలిశాయి.

పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది 2.2 మైక్రోగ్రాములు. రెండు పెద్ద గ్లాసుల పాలో అంత పెరుగో తీసుకుంటే దాదాపు దగ్గరికి వస్తారు. గుడ్డులో అర మైక్రోగ్రాము ఉంటుంది. అన్నట్టు, అందరూ అనుకున్నట్టు చికెన్‌లో బి12 ఎక్కువేమీ లేదు, ఉన్నదంతా మటన్, చేపలు, ముఖ్యంగా కార్జంలో. చద్దన్నంలో ఉంటుంది, ఇడ్లీ పిండిలో ఉంటుంది, స్పిరులినాలో ఉంటుంది అని వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాటిమీద ఆధారపడకండి. స్పిరులినాలో ఉన్నది చాలావరకు మన ఒంటికి పనికిరాని రూపం. నేను మాత్ర వేసుకుంటాను. మాత్ర వేసుకుంటే శాకాహారం ఓడిపోయినట్టని మా బంధువొకరు అన్నారు. నాకు అలా అనిపించదు, ఉప్పులో అయోడిన్ కలిపి తినడం లేదా మనం?

ఇక అమ్మగారి మాటకి వద్దాం. రక్తం పట్టదు అన్న మాట ఉత్తదేం కాదు. మాంసంలో ఉండే ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది, ఆకుకూరల్లో పప్పుల్లో ఉండేది అంత తేలిగ్గా పట్టదు. ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలని మన లెక్క, మగవాళ్ళకి 19. కానీ ఇదీ చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రలో 58.8 శాతం. దాదాపు అందరూ ముక్క తినే రాష్ట్రాలివి. వారానికి ఒకపూట కూర, అందులోనూ అందరికీ వడ్డించాక ఇల్లాలికి మిగిలేది పులుసు. దాంతో రక్తం ఎలా పడుతుంది?

శాకాహారంలో ఐరన్ వంటబట్టాలంటే పక్కన విటమిన్ సి ఉండాలి. పప్పు దించాక నిమ్మకాయ పిండుకోండి, మొదటి ముద్దలో ఉసిరికాయ కలుపుకోండి, భోజనం తర్వాత జామకాయ తినండి. కాఫీ, టీ మాత్రం భోజనానికి గంట దూరంలో పెట్టండి, వాటిలోని టానిన్లు ఐరన్‌ని పట్టేసుకుంటాయి. తిన్న వెంటనే కాఫీ తాగే అలవాటు మా పుట్టింట్లో అందరికీ ఉంది, మాన్పించడం నా వల్ల కాలేదు. సెనగలు, పెసలు నానబెట్టి మొలకలు రానిచ్చినా, పిండి పులియబెట్టినా ఐరన్‌కి అడ్డుపడే ఫైటేట్లు తగ్గుతాయి.

కాల్షియం గురించి నాకు పెద్ద బెంగ లేదు. పాలు, పెరుగుతో పాటు రాగి జావ ఉంటే చాలు. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది. నువ్వుల పొడి చెంచాడు అన్నంలో కలుపుకుంటే ఇంకా మంచిది.

పరిశోధనలు ఏమంటున్నాయని కూడా అడిగారు. అమెరికాలో అడ్వెంటిస్టులనే క్రైస్తవ సమాజంలో డెబ్బై వేల మందికి పైగా చూసి 2013లో ఇచ్చిన ఫలితాల్లో శాకాహారుల్లో మరణాలు 12 శాతం తక్కువ. వాళ్ళలో మాంసం తినేవాళ్ళు కూడా సిగరెట్, మందు జోలికి పెద్దగా పోరు కాబట్టి ఆ పోలిక నాకు నమ్మకంగా అనిపిస్తుంది. బ్రిటన్‌లో ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం 2019లో చెప్పింది వేరు. శాకాహారుల్లో గుండెజబ్బు 22 శాతం తక్కువ, పక్షవాతం మాత్రం 20 శాతం ఎక్కువ. సాసేజ్, బేకన్ లాంటి నిల్వ మాంసాన్ని క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో తేల్చింది, కానీ అది మన ఆదివారం కోడికూర గురించి కాదు. ఇవేవీ మన శాకాహారులకి నేరుగా వర్తిస్తాయని నేను అనుకోను. అక్కడి శాకాహారి ముడిధాన్యాలు, పప్పులు, గింజలు, పండ్లు తింటాడు. మన దగ్గర పెళ్ళి భోజనంలో పులిహోర, బూరెలు, గారెలు, అన్నం, అప్పడం, మళ్ళీ స్వీటు, ఇదంతా శాకాహారమే కదా. దేశవ్యాప్తంగా భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన సర్వేలో మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని తేలింది. షుగర్ ఉన్నవాళ్ళు పది కోట్లు దాటారు. మా పుట్టింటి వైపు చూస్తే జీవితంలో నీసు ముట్టని మనుషులకే ఇంటింటా షుగర్.

కాబట్టి మీరు మానేసే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), బి12 పరీక్షలు చేయించుకోండి. ఏడాది తర్వాత మళ్ళీ చేయించుకుని రెండు రిపోర్టులూ అమ్మగారి ముందు పెట్టండి, వాదన అక్కర్లేకుండా పోతుంది. గుడ్డు మీద మీకు అభ్యంతరం లేకపోతే అది ఉంచుకోండి, చాలా పనులు సులువవుతాయి. పాలు, పెరుగు కూడా వదిలేసే ఆలోచన ఉంటే మొదటి రోజు నుంచే బి12 మాత్ర తప్పదు. ముందుముందు పిల్లల కోసం ప్లాన్ చేసుకున్నప్పుడు డాక్టరుకి మీరు శాకాహారి అని మర్చిపోకుండా చెప్పండి. గర్భంలో, పాలిచ్చేటప్పుడు తల్లికి బి12 లేకపోతే బిడ్డకీ అందదు. పసిపిల్లలు మందకొడిగా అయిపోయి, నేర్చిన నవ్వు, మెడ నిలపడం కూడా మర్చిపోయే పరిస్థితి మన దేశంలో ఇప్పటికీ కనిపిస్తోంది. ఆ టైమ్‌లో మాత్ర సరిపోతుందా, ఇంజెక్షన్ కావాలా అన్నది రిపోర్టు చూసి వాళ్ళే నిర్ణయిస్తారు.