పరీక్షలకి ఇద్దరూ వెళ్లండి

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. ఏడాదిన్నర అయినా ఇంకా విశేషం లేదని మీ అత్తగారు గొణగడం, నువ్వు ఒక్కదానివే స్కాన్‌కి వెళ్లొచ్చి ఏడుస్తూ కూర్చోవడం. ముందు ఆ ఏడుపు ఆపు. ఏ మాత్రలూ, కండోములూ వాడకుండా ఏడాది పాటు కలిసి ఉన్నా నెల తప్పకపోతే డాక్టర్‌కి చూపించుకోవాలి, ఆడవాళ్లకి 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. అయితే వెళ్లాల్సింది ఇద్దరూ.

ఇన్నేళ్లు గైనిక్ ఓపీలో నర్సుగా చేసి చెప్తున్నా, మొదట్లోనే అయిపోవాల్సింది అల్లుడి వీర్య పరీక్ష. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. సూది లేదు, మత్తు లేదు, ఖర్చూ తక్కువే, అయినా మన ఇళ్లల్లో ఆ పరీక్ష ఆఖర్న గానీ రాదు, అప్పటికి ఆడపిల్లకి ల్యాపరోస్కోపీ (పొట్టకి చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడటం) కూడా అయిపోయి ఉంటుంది! నాకు ఒళ్లు మండేది అక్కడే.

శాంపిల్‌కి ముందు కనీసం రెండు రోజులు, మించితే ఏడు రోజులు వీర్యం పోకుండా దూరంగా ఉండాలి. ల్యాబ్‌లోనే ఇస్తే మంచిది. మొహమాటమైతే ఇంట్లోనే, ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలో పట్టి, చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని గంటలోపు చేర్చాలి. మామూలు కండోమ్‌లో పట్టకూడదు, కొబ్బరినూనె, సబ్బు తగలకూడదు. కౌంట్, అంటే వీర్యకణాల సంఖ్య, తక్కువొస్తే కంగారుపడొద్దు. ఒక్కో కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, ఈమధ్య గట్టి జ్వరమొచ్చినా కౌంట్ పడిపోతుంది, అందుకే కొన్నాళ్లాగి మళ్లీ చేయిస్తారు. అన్నట్టు, అల్లుడు జిమ్‌కి వెళ్తాడుగా, కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు గానీ తీసుకుంటున్నాడేమో అడుగు. వాటితో కౌంట్ సున్నాకి కూడా పడిపోవచ్చు.

ఇక నీ సంగతి. నెలసరి తేదీలు రాసుకుని పట్టుకెళ్లు, థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు రక్తపరీక్షలో చూస్తారు. ఏఎంహెచ్ అనే రక్తపరీక్షలో తక్కువొచ్చిందని ఎవరైనా బెదిరించి వెంటనే ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి) అంటే తొందరపడకు, అండాల నిల్వ ఎంతుందో అది చెప్తుంది గానీ మామూలుగా గర్భం వస్తుందో రాదో చెప్పదు. గర్భసంచికి రెండు వైపులా ఉండే ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో హెచ్‌ఎస్‌జీ అనే ఎక్స్‌రే పరీక్షలో తెలుస్తుంది, బహిష్టు ఆగాక, అండం విడుదల కాకముందు చేస్తారు. గర్భసంచిలోకి ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించేటప్పుడు పొత్తికడుపు మెలిపెట్టినట్టు కాసేపు నొప్పి వస్తుంది, ముందే నొప్పి మాత్ర అడిగి వేసుకో. చిన్నప్పుడు నీకు టీబీ వచ్చింది కదా, ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పు, మనకి ఏ లక్షణమూ కనిపించకుండానే టీబీ ట్యూబుల్ని మూసేయగలదు.

అత్తగారు ప్రదక్షిణలు చేయమంటే చెయ్యి, పోయేదేముంది. నాటు మందు పొట్లాలు తెస్తే మాత్రం తీసుకోకు. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాముల మాత్ర రోజుకొకటి ఇప్పటినుంచే వేసుకో.

అల్లుడు ల్యాబ్‌కి రానని మొండికేస్తే ఫోన్ నాకివ్వు, నేను మాట్లాడతా.

మీ పెద్దమ్మ