ఏథెన్స్ నుంచి ఒక్క రోజులో పాత కట్టడాలూ, వైనూ: నెమేయాకి వెళ్లండి

ఏథెన్స్‌లో ఒక రోజు ఖాళీ ఉంది, ప్రాచీన గ్రీకు శిథిలాలు చూడాలి, వైన్ కూడా రుచి చూడాలి, వెంట వైన్ ముట్టని అమ్మానాన్నలు ఉంటారు, ఇదంతా కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. నేను మా అత్తయ్యగారినీ మామయ్యగారినీ తీసుకుని వెళ్లొచ్చాను. వాళ్లూ మందు వాసన పడని మనుషులే.

టూర్ ప్యాకేజీల్లో మైసీనీ, ఎపిడారస్, నాఫ్లియో అనే మూడు ఊళ్లనూ ఒకే రోజులో కుక్కి, చివర్లో వైన్‌కి ఓ అరగంట పడేస్తారు. అది తీసుకోకండి. ఎపిడారస్ థియేటర్ గొప్పదే, కానీ దాన్ని ఇంకో ట్రిప్పుకి ఉంచుకోండి. ఉదయం ప్రాచీన కోట ఉన్న మైసీనీ, ఆ తర్వాత పాత గుడి, స్టేడియం, ద్రాక్షతోటలూ ఉన్న నెమేయా, అంతే. ఏథెన్స్ నుంచి కారులో సుమారు గంటన్నర. మైసీనీ నుంచి నెమేయాకి అరగంట లోపే.

మైసీనీకి వేసవిలో అయితే పొద్దున్నే తెరిచే వేళకి చేరుకోండి. ఎండెక్కితే ఆ కొండ మీద నీడ దొరకదు. క్రీ.పూ. 1250 ప్రాంతంలో కట్టిన సింహద్వారం దాకా పెద్దవాళ్లు మెల్లగా ఎక్కగలరు. పైన కోట అంతా తిరగాల్సిన పని లేదు. కింద రోడ్డు పక్కనే ఏట్రియస్ సమాధి ఉంది, దాన్ని మాత్రం వదలొద్దు. గుమ్మం మీద అడ్డంగా పెట్టిన ఒక్క రాయే సుమారు 120 టన్నులు. 1876లో జర్మన్ పరిశోధకుడు ష్లీమన్ కోట లోపలి సమాధుల్లోంచి తవ్వి తీసిన అసలు బంగారం ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది, ఇక్కడ చూసేవి నకళ్లే.

నాకు బాగా నచ్చింది నెమేయా. ఒలింపియా, డెల్ఫీల్లాగే ఇక్కడా అప్పట్లో గ్రీకు దేశమంతటి నుంచీ వచ్చి ఆటల పోటీల్లో ఆడేవారు, గెలిచినవాడికి అడవి సెలెరీ ఆకుల కిరీటం పెట్టేవారు. గ్రీకుల పెద్ద దేవుడు జూస్ గుడి స్తంభాల్లో మూడు అప్పటి నుంచీ పడకుండా నిలిచినవి. మిగతా ఆరింటిని ఎక్కువగా నేల మీద పడి ఉన్న రాళ్లతో మళ్లీ నిలబెట్టారు. మ్యూజియంలో దగ్గర్లోని ఐడోనియా ఊరి ప్రాచీన సమాధుల నగలు అడిగి మరీ చూడండి. అక్కడి నుంచి దొంగలు ఎత్తుకెళ్లిన బంగారం 1993లో న్యూయార్క్‌లో అమ్మకానికి తేలింది, 1996లో గ్రీసుకి తిరిగొచ్చింది. మామయ్యగారు ఆ అద్దాల దగ్గర నుంచి కదల్లేదు.

స్టేడియం అక్కడికి దగ్గర్లోనే. ఆటగాళ్లు మైదానంలోకి వచ్చిన రాతి సొరంగం, సుమారు 36 మీటర్లు, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తమ వంతు కోసం ఎదురుచూస్తూ వాళ్లు గోడల మీద పేర్లు గీశారు. ఒకడు 'అక్రోటాటోస్ అందగాడు' అని రాస్తే, కింద ఇంకొకడు 'రాసినవాడికే' (అంటే వాడి కంటికే) అని తగిలించాడు! పరుగు మొదలుపెట్టేచోట కాలి వేళ్లు ఆనించే గాడులతో ఉన్న రాతి గీత కూడా అలాగే ఉంది. మీరూ నిలబడి పరిగెత్తొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

ఇక వైన్. నెమేయా పేరుతో అమ్మే వైన్ అయోర్యీతికో అనే ఒకే నల్ల ద్రాక్షతో చేసిన ఎర్ర వైనే అయి ఉండాలి, 1971 నుంచి అది చట్టం. నాలుక పట్టేసే వగరు ఉండదు, కొత్తగా తాగేవాళ్లకి కూడా హాయిగా ఉంటుంది. లోయ అడుగున పండిన ద్రాక్షకీ, కూత్సీ ఊరి చుట్టూ వాలుల మీద పండినదానికీ, ఇంకా పైన ఆస్ప్రోకాంబోస్‌లో చల్లగాలికి పండినదానికీ తేడా ఉంటుంది. వైనరీలో పక్కపక్కనే పోయించుకుని చూడండి, అక్కడిదాకా వెళ్లినందుకు అదే అసలు సరదా. రుచి చూసి మింగకుండా ఉమ్మడానికి గిన్నె పెడతారు, మొహమాటపడకండి. పెద్దవాళ్లకి రొట్టె, చీజ్, ఆలివ్ నూనెతో కాలక్షేపం అయిపోతుంది.

మాంసం తినకపోతే ఊళ్లో టవెర్నాలో, అంటే చిన్న హోటల్లో, గిగాండెస్ అడగండి, టమాటా పులుసులో ఓవెన్‌లో ఉడికిన పెద్ద తెల్ల చిక్కుడు గింజలు. అన్నం కూరిన టమాటాలూ క్యాప్సికమ్‌లూ, అంటే యెమిస్టా, కూడా బాగుంటుంది కానీ కొన్నిచోట్ల లోపల కీమా కలుపుతారు, ముందే కనుక్కోండి.

బండి మీరే నడుపుతూ వైన్ తాగే ఆలోచన వద్దు. అక్కడ రక్తంలో లీటరుకి 0.5 గ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. డ్రైవర్‌తో కారు మాట్లాడుకోండి, నలుగురికి పంచుకుంటే మరీ భారం కాదు. వైనరీకి మాత్రం ముందే మెయిల్ పెట్టండి, ముఖ్యంగా సెప్టెంబరులో వెళ్తుంటే. అప్పుడు ద్రాక్ష కోతలు, మీతో కూర్చుని మాట్లాడే తీరిక వాళ్లకి ఉండదు.